నల్ల దుమ్ముకు తెల్ల గుడ్డ

గొట్టంలో ఊదమంది డాక్టరమ్మ. ఊదాను. "ఇంకా, ఇంకా, ఇంకా, ఆపొద్దు తాతా" అంది. జాతరలో గాలిబుగ్గ ఊదే పిల్లాడిలా కళ్ళు బైర్లు కమ్మేదాకా ఊదాను. కంప్యూటర్ తెర మీద ఒక గీత కొండ ఎక్కబోయి సగంలోనే చతికిలబడింది. ఆ గీత నా ఊపిరట. దిల్‌సుఖ్‌నగర్‌లో కింద చీరల దుకాణం, నడుమ కోచింగ్ సెంటర్, ఆ పైన ఆమె దవాఖాన. మెట్లెక్కేసరికే నా ఊపిరి సంగతి నాకు తెలిసిపోయింది, గీత కొత్తగా చెప్పిందేమీ లేదు. "సిగరెట్ అలవాటుందా?" అని అడిగింది. లేదన్నాను. "ఇంట్లో ఎవరైనా తాగుతారా?" "ఇంట్లో ఎవరూ తాగరమ్మా. కిటికీ తెరిస్తే ఊరే తాగిపిస్తది." నవ్వింది గానీ రాసుకోలేదు. "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అంది. మగ్గం నేసేవాడని చెప్పాను. ఇది మాత్రం టకటకా రాసుకుంది. "అయితే చిన్నప్పటి నుంచి నూలు దుమ్ములో పెరిగారన్నమాట" అని తల ఊపింది.

నాకు కోపం ఎక్కడి నుంచి తన్నుకొచ్చిందో! "నూలు దుమ్ము మీద కేసు యాభై ఏళ్ళ కిందనే తేలిపోయింది డాక్టరమ్మా" అన్నాను. "ఎవరు తేల్చారు?" అంది. "మా మేనత్త." "ఆవిడ డాక్టరా?" "వేలిముద్ర" అన్నాను. ఆ పిల్ల నాకు పీల్చుకునే పంపు ఎట్లా వాడాలో నేర్పి పంపించింది. మంచి పిల్లే. కానీ పెద్ద చదువులు చదివిన ఆమె కలం కూడా ఆనాడు మా నాయనను చూసిన ఊరి వైద్యుడు ఆగిన చోటే ఆగిందన్న దుఃఖం నాకు మెట్లు దిగినా తగ్గలేదు.

తిరిగి వస్తుంటే ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఆటో ఆగింది. గాలి ఎంత చెడిపోయిందో చెప్పే ఎర్రంకెల బోర్డు ఒకటి అక్కడ వెలుగుతుంటుంది. దాని కిందే లారీలు, బస్సులు ఇంజన్లు ఆపకుండా నిలబడి దాని మొహాన పొగ ఊదుతుంటాయి. అంకె మారుతుంది, లారీ మారదు. ఈ విషయమై మున్సిపాలిటీకి నేను రాసిన ఉత్తరాలు కట్ట కడితే ఒక బియ్యం సంచి నిండుతుంది. బోర్డు పెట్టినవాణ్ణి ఒక్కసారి మా సత్తెమ్మ అత్త ముందు కూర్చోబెట్టాలని నా కోరిక. ఆమె దగ్గర బోర్డు లేదు. గుడ్డ ముక్కలుండేవి. ఇంటికి రాగానే పాత ట్రంకు పెట్టె దించి ఆ ముక్కల కట్ట బయటికి తీశాను. ఎర్ర దారంతో ఆమె కట్టిన ముడి అట్లాగే ఉంది. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు ముక్కలు. కొన్ని తెల్లనివి, కొన్ని బూడిద రంగువి, ఒకటి మాత్రం విడిగా మడత పెట్టి ఉంది. ఆ మడత నేను విప్పలేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

మాది పోచంపల్లి పక్క పల్లె. నాయన పేరు యాదగిరి. గుంట మగ్గం మీద కూర్చున్నాడంటే నాడె అటూ ఇటూ పోవడం కంటికి కనిపించేది కాదు, చప్పుడే వినిపించేది. నాకు ఊహ వచ్చేనాటికే ఆయనకు దగ్గు ఉండేది. అది క్రమంగా దమ్ముగా, ఉబ్బసంగా మారింది. నూనె పడని రాట్నం తిరుగుతున్నట్టు రొమ్ములో ఒకటే మోత. మా సాలోళ్ళకు దగ్గొస్తే తీర్పు ముందే రాసి ఉంటుంది: నూలు దుమ్ము. తాతకు దగ్గొచ్చినా అదే, పక్కింటి ముసలమ్మకు దగ్గొచ్చినా అదే. వేరే కులంలో మనిషి దగ్గితే చలి అంటారు, పడిశం అంటారు, పడని తిండి అంటారు. మేం దగ్గితే మాత్రం మా పనే మాకు శత్రువు. మేమూ అదే నమ్మేవాళ్ళం. ఊరి వైద్యుడు నాయన నాడి చూసి "మగ్గం దిగు యాదగిరీ, పట్నం దిక్కు పో, మంచి గాలి తాకుతది" అన్నాడు. మంచి గాలి కోసం పట్నం! ఈ ముక్క ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు.

అప్పటికి ఎల్.బి.నగర్ అన్న పేరు మా నోళ్ళకు ఎక్కలేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటితే విజయవాడ రోడ్డు, దానికి అటూ ఇటూ జొన్న చేలు, ద్రాక్ష తోటలు, అక్కడక్కడ పెంకుటిళ్ళు. హయత్‌నగర్ అంటే వేరే ఊరు, పని ఉంటేనే పోయే ఊరు. ఆ రోడ్డు పక్కనే రెండర్రల ఇల్లు కిరాయికి దొరికింది. ముందర్ర కిటికీ రోడ్డు మీదికి తెరుచుకునేది. నాయన ఆ కిటికీలో తువ్వాళ్ళు, పంచెలు వేలాడదీసి అమ్మాలి, మగ్గం ముట్టకూడదు. ఇదీ ఏర్పాటు. చెయ్యి తిరిగిన పనివాణ్ణి అట్లా కిటికీలో కూర్చోబెడితే ఎట్లా ఉంటుందో నేను చూశాను. రోజంతా ఆయన వేళ్ళు ఒళ్ళో ఊరికే కదులుతుండేవి, లేని దారాన్ని అతుకుతున్నట్టు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన అక్క సత్తెమ్మ, మొగుడు పోయినంక మా ఇంటికి వచ్చి, మమ్మల్ని ఇద్దరినీ తన చేతిలోకి తీసుకుంది. ఆమె దిగినప్పుడే మగ్గం కూడా దిగింది. విప్పిన ముక్కలుగా ఎడ్లబండి మీద తెచ్చి, వెనకర్రలో మోకాలి లోతు గుంట తవ్వడం మొదలుపెట్టింది. ఇంటి పటేల్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా గిది? కిరాయికిచ్చింది ఇల్లు, బాయి తవ్వుకోనీకి గాదు!" అత్త పార ఆపకుండానే అంది: "పూడ్చే పోతం పటేలా. గుంతను మూట గట్టుకొని పోతమా?" ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో మాలో ఆడవాళ్ళు రాట్నం తిప్పుతారు, కండెలు చుడతారు, గంజి పెడతారు, కానీ మగ్గంలో దిగడం అరుదు. ఆమె దిగింది. నాయన ముందర్రలో అమ్ముతాడు, ఆమె వెనకర్రలో నేస్తుంది. నడుమ తలుపు పొద్దస్తమానం మూసి ఉంటుంది, ఎందుకంటే నూలు దుమ్ము.

మా ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పొద్దున్నే పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, ఆ మీదట రంపపు పొట్టు పొయ్యి పొగ. డబ్బాలో పొట్టును కూరి, నడుమ సీసా పెట్టి తీసి, ఆ బొక్కలో నిప్పు పెడితే మధ్యాహ్నం దాకా రగులుతూనే ఉండేది. చౌకగా వండుకోవచ్చు, కళ్ళు మాత్రం పొగతో మండేవి. వీటన్నిటి మీదా రోడ్డు వాసన ఉండేది. మా గోడకు ఆనుకునే ఒక లారీల షెడ్డు. యజమాని రత్నంగారు, కృష్ణా జిల్లా మనిషి. బట్టతల, నుదుటి మీద విభూది, ఎప్పుడూ నూనె మరకల బనీను. తెల్లారగానే ఆయన బండ్లు నాలుగైదు వరసగా మా కిటికీ దిక్కు వెనకభాగం పెట్టుకొని గుర్రుగుర్రుమంటూ వేడెక్కేవి. లారీ మోత మాకు కోడి కూత లాంటిది. దానితోనే లేచేవాళ్ళం. దాన్ని ఎవరం తప్పు పట్టలేదు.

అనుమానం మొదట అత్తకే వచ్చింది. అదీ రోగం వల్ల కాదు, బేరం వల్ల. కిటికీలో వేలాడదీసిన తువ్వాలు చూసి ఒకామె "తెల్లదని చెప్పి బూడిద రంగుది అంటగడుతున్నవా?" అని నాయన మొహాన కొట్టి పోయింది. అత్తకు అది తల కొట్టేసినట్టయింది. తన చేతి గుడ్డను మాట అంటే ఆమె ఓర్వదు. మర్నాడు మగ్గం కొసన మిగిలిన గుడ్డ పేలికలను చించి, చవుడు మట్టితో ఉతికి, పల్చని గంజి పెట్టి మూడు ముక్కలు చేసింది. నీలిమందు పెట్టలేదు. "నీలి అబద్ధం జెప్తది" అంది. ఒకటి రోడ్డు కిటికీకి కట్టింది, ఒకటి పొయ్యి పైన, ఒకటి మగ్గం పైన. గంజి జిగట ఉంటే గాలిలో పోయేది గుడ్డ మీద ఆగుతుందని ఆమె లెక్క. పొద్దూ మాపూ మూడింటినీ విప్పి వాకిట్లో పరిచి చూసేది. చూడడమే కాదు, వేళ్ళ మధ్య పెట్టి రాసేది. "ఇగో, జిడ్డుగ సాగుతుందా, గిది లారీది. పొడి పొడిగ బూడిదెక్క రాలుతుందా, గిది పొయ్యిది." నాతోనూ రాయించేది. బడిలో ఏడో తరగతి దాటని నాకు దొరికిన మొదటి సైన్సు పాఠం అదే.

నాయన నవ్వేవాడు. "గుడ్డలు జూసి రోగం జెప్తవా అక్కా?"

"మనం బతికిందే గుడ్డలు జూసి గదరా యాద్గీ."

పది రోజులు గడిచాయి. రోడ్డు ముక్క నల్లగా, పొయ్యి ముక్క బూడిద రంగులో, మగ్గం ముక్క మాత్రం తెల్లగా తళతళా మెరుస్తూ ఉండేది. నాయన ముఖం విప్పారింది. "మగ్గంల దుమ్మే లేదు, జూడు! నేను కూసుంట" అని లేవబోయాడు. అత్త సంతోషించాల్సింది కదా. ఆమె సంతోషించలేదు. ఆ తెల్ల ముక్కను ఎండకు పట్టి చాలాసేపు చూసి, దాన్ని తీసి పక్కన పారేసింది. "మోసపోతుంటిమి. నూలు దుమ్ము తెల్లగుంటది. తెల్ల గుడ్డ మీద తెల్ల దుమ్ము ఏడ కనబడ్తది?" అని, ఇంకో ముక్కను కరక్కాయ, అన్నభేది వేసి నల్లగా అద్దకం చేసి మగ్గం మీద కట్టింది. "నల్ల దుమ్ముకు తెల్ల గుడ్డ, తెల్ల దుమ్ముకు నల్ల గుడ్డ." తనకు నచ్చిన జవాబు చేతికి వచ్చాక కూడా దాన్ని నమ్మకుండా నిలబడింది ఆమె. ఆ తర్వాత నేను ఎందరో చదువుకున్నవాళ్ళను చూశాను. కావలసిన జవాబు దొరికితే కాగితం మడిచేసేవాళ్ళే ఎక్కువ. మర్నాటికి నల్ల ముక్క మీద తెల్లని నూగు పడింది. "ఉన్నది. నూలు దుమ్ము గూడ ఉన్నది" అని ఒప్పుకుంది. నాయన మళ్ళీ కిటికీలో కూర్చున్నాడు. ఆయన కళ్ళలో ఆశ కొడిగట్టింది.

ఆ ఏడాదే తెలంగాణ కావాలని మొదటిసారి పిల్లలు బడులు వదిలి రోడ్డెక్కారు. గోడల నిండా జై తెలంగాణ. నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ళు. కాలేజీ గడప తొక్కనివాణ్ణే అయినా ఊరేగింపులో ముందు వరసలో నేనే. ఆ ఉద్యమం మీద నాకు అప్పుడూ ఇప్పుడూ రవ్వంత అనుమానం లేదు. మా నౌకరీలు మాకు కావాలన్నాం, మా మాట మాకు కావాలన్నాం, అందులో తప్పేముంది? బంద్ పెట్టారు. బస్సులు ఆగాయి, లారీలు ఆగాయి. విజయవాడ రోడ్డు మీద మేకలు పడుకున్నాయి. రత్నంగారు షెడ్డు తలుపు దగ్గరగా వేసుకొని లోపలే ఉండిపోయాడు.

బంద్ మూడో పొద్దో నాలుగో పొద్దో, అత్త నన్ను తట్టి లేపింది. "నర్సిగా, లే. మీ నాయన సప్పుడు జేస్తలేడు." దిగ్గున లేచాను. నాయన ఏనాడూ పడుకొని నిద్రపోయేవాడు కాదు. గోడకు ఆనుకొని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చునే కునికేవాడు. ఆ మోత లేకుంటే మనిషి లేడని అర్థం. ముందర్రలోకి పోయి చూస్తే ఆయన చాప మీద వెల్లకిలా, కాళ్ళు బార్లా చాపుకొని పడుకొని ఉన్నాడు. రొమ్ము నిమ్మళంగా లేస్తోంది, దిగుతోంది. అత్త వంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. నాయన కళ్ళు తెరిచి "ఏమైందే? సచ్చిన్ననుకున్నవా?" అన్నాడు. "అనుకున్న. పండుకో పండుకో" అని, కొంగు నోట్లో కుక్కుకొని వాకిట్లోకి పోయింది. అక్కడ ఆమె ఏడ్చిందో నవ్విందో నాకు తెలీదు.

ఆ పొద్దు ముక్కలన్నీ వాకిట్లో పరిచింది. రోడ్డు ముక్క ఉతికి ఆరేసినట్టే ఉంది. మగ్గం మీది నల్ల ముక్క మాత్రం బూజు పట్టినట్టు తెల్లబడింది. బంద్‌లో బయట పనేమీ లేక అత్త పగలంతా నేస్తూనే ఉంది, తోచక నాయన నడిమి తలుపు తెరుచుకొని గుంట పక్కనే కూర్చుంటున్నాడు. నూలు దుమ్ము ఎన్నడూ లేనంత ఉన్న రోజుల్లోనే ఆయన ఎన్నడూ లేనంత హాయిగా ఊపిరి తీశాడు. అత్త రెండు ముక్కలనూ చెరో చేత్తో పట్టుకొని లేచి నిలబడింది. "మగ్గంది తప్పు గాదురా యాద్గీ. కొద్దిగ ఉంటే ఉండొచ్చు, ముక్కుకు గుడ్డ గట్టుకొని కూసో. నిన్ను గూలగొట్టింది గది గాదు." నాయన పోయి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. నేయలేదు, ఊరికే కూర్చున్నాడు.

నాకు మాత్రం రక్తం మరిగింది. దొంగ దొరికాడు, పైగా ఆంధ్రా దొంగ. "పోరగాండ్లను తీస్కొస్త అత్తా. రేపటికి ఆ షెడ్డు ఉండది" అన్నాను.

"ఎందుకు?"

"ఆంధ్రోళ్ళ పొగ మా నాయన రొమ్ములకు పోవుడేంది?"

"పొగ ఏ జిల్లదని నిన్ను అడిగి లోపలికొస్తదారా? రేపు నల్గొండోడు లారీ పెడితె ఆ పొగకు దండ ఏస్తవా?" అని, పొయ్యి పైన కట్టిన ముక్కను తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ముందు గిది జూడు. గిది మన పొయ్యి. దీని మీద కోపమొస్తలేదా? ముందు మన పొయ్యి బయట పెట్టుకోవాలె, గప్పుడు ఆయన గడప తొక్కాలె." ఆ సాయంత్రమే పొట్టు పొయ్యిని పెరట్లో చూరు కిందికి మార్చింది. వాన పడితే గొడుగు పట్టుకొని వండుతానంది, తర్వాత నిజంగానే వండింది.

ఆమె మాట నా చెవికెక్కలేదు. మర్నాడు మలుపు దగ్గర రోడ్డుకు అడ్డం పెట్టడానికి మావాళ్ళు టైర్లు కావాలన్నారు. నేనున్నానన్నాను. రత్నంగారి షెడ్డు వెనక కుప్ప పడి ఉన్న పాత టైర్లు దొర్లించుకుపోయి మంట పెట్టించాను. షెడ్డు జోలికి పోలేదు కదా, అత్త మాట విన్నట్టే అనుకున్నాను. తారు లాంటి నల్లటి పొగ లేచింది. నినాదాలు ఇచ్చాం. గాలి ఎటు వీస్తోందో చూడాలన్న తెలివి ఒక్కడికీ లేదు. అందరిలోకీ తెలుసుకోవాల్సినవాణ్ణి నేను, నాకూ లేదు.

పటేల్ జీతగాడు వచ్చి పిలిస్తే ఇంటికి పరుగెత్తాను. నాయన మగ్గం గుంటలోనే పడి ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి, మెడ నరాలు తాళ్ళలా లేచాయి, మాట లేదు. ఇల్లంతా కాలిన రబ్బరు కంపు. అత్త ఆయన వీపును తన రొమ్ముకు ఆనించుకొని "తియ్యి, తియ్యి, ఇంకొక్కటి తియ్యి" అని ఊపిరిని అడుక్కుంటోంది. రిక్షా దొరికింది, తొక్కేవాడు లేడు. అప్పుడు గోడ మీంచి రత్నంగారి తల కనిపించింది. "ఏంటమ్మా, ఏమైంది?" అన్నాడు. చూసి, ఇంకో మాట అడగకుండా గోడ దూకాడు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఆయన కనబడడమే ప్రమాదం. నేను తొక్కాను, అత్త నాయనను పట్టుకొని కూర్చుంది, ఆయన వెనక నుంచి నెట్టాడు. మా మంట దగ్గరికి రాగానే మావాళ్ళే అడ్డం నిలబడ్డారు. నన్ను చూసి జరిగారు గానీ, ఒకడు రత్నంగారిని చూసి "గీయనెవరు? ఏ ఊరాయన?" అన్నాడు. అత్త తల ఎత్తకుండానే "మా పక్కింటాయన. జరుగుండ్రి" అంది. అంతే. దారి విడింది.

మలక్‌పేట దగ్గరి దవాఖానలో సూది వేశారు. నాయన దక్కాడు. వసారాలో రత్నంగారు చెమట తుడుచుకుంటూ "ఏంటండీ అంత పొగ, ఎవరు పెట్టారో ఏమో" అన్నాడు. ఎవరో ఆయనకు తెలుసని నాకు ఈనాటికీ అనుమానమే, టైర్లు ఆయనవే కదా. ఇంటికొచ్చాక అత్త నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కిటికీకి కట్టిన ముక్కను విప్పి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. నల్లగా, జిగటగా, చేతికి అంటుకుంది. "గిది ఎవని లారీది నర్సిగా?" అంది. ఆమె దాన్ని మడిచి విడిగా దాచింది. "నీ లడాయి మంచిదే బిడ్డా. తెలంగాణ రావాలె. వచ్చెదాంక మీ నాయన ఉండాలె గద."

లారీలు మళ్ళీ కదిలిన వారానికి ఆమె షెడ్డుకు పోయింది. నన్నూ వెంట తీసుకుపోయింది, మాట్లాడడానికి కాదు, దండెం పట్టుకోవడానికి. బంద్ ముందరి ముక్కలు, బంద్ నాటివి, బంద్ తర్వాతివి వరసగా దండేనికి గుచ్చి ఆయన ముందు సాగదీయించింది. పక్కనే పొయ్యి ముక్క. "ఇది మాది. పొయ్యి బయట పెట్టినం. ఇవి మీవి" అంది. టైర్ల పొగ పట్టిన ముక్కను తేలేదు, ఆ విషయం ఎత్తనూ లేదు.

రత్నంగారు బట్టతల గోక్కున్నాడు. "ఇంజను వేడెక్కకపోతే బండి కదలదు కదమ్మా. నేనేం చేసేది?"

"కదలొద్దన్ననా? ముడ్డి మా దిక్కు పెట్టుడెందుకంటున్న."

షెడ్డులో పనివాళ్ళు ఫక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనిని నేను జీవితాంతం మరవను. ఒక తెల్ల ముక్క అడిగి తీసుకొని, ఇంజను నడుస్తున్న లారీ పొగ గొట్టం ముందు కాసేపు పట్టుకొని, తన పనివాళ్ళు నిలబడే చోట నిలబడి చూశాడు. అది నల్లబడడం చూసి, దగ్గుతున్న తన మెకానిక్ వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళూ చూడనే లేదమ్మా నేను" అన్నాడు. గొప్పవాళ్ళు చెప్పే మాట అది. ఆ నెలలోనే బండ్ల వరసను షెడ్డు బావి అవతలికి, చేల వైపుకు మార్చాడు. గొట్టాలు పైకి లేపించాడు. అత్త అక్కడా ఊరుకోలేదు. "ద్రాక్ష తోటల పనోళ్ళు లేని పొద్దు జూసి వేడి జేయుండ్రి" అంది. నాయన ముక్కుకు గుడ్డ కట్టుకొని మగ్గం ఎక్కాడు. దమ్ము పూర్తిగా పోలేదు. కానీ పడుకొని నిద్రపోయేవాడు, ఇంకా చాలా ఏళ్ళు నేశాడు. ఆఖరి రోజుల్లో ఆయన నేసిన చీర ఒకటి రత్నంగారి కూతురు పెళ్ళికి పోయింది. తెలంగాణ వచ్చింది. ఆ ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు, నేను చూశాను.

ఇప్పుడు మగ్గం ఉన్న చోట మొబైల్ దుకాణం ఉంది. ఆ చేలన్నీ, నాగోల్ నుంచి బడంగ్‌పేట్ దాకా, ఇళ్ళయ్యాయి. నెత్తి మీద మెట్రో, దాని కింద ఇరుక్కున్న పొగ. అత్తకున్న ఓపికలో పిసరంత కూడా ఈ మహానగరానికి లేదని కోపంగా ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టాను. ఆ కోపంతోనే, డాక్టరమ్మకు చూపిద్దామని, పాత పంచె ఒకటి చించి గంజి పెట్టి మా అపార్ట్‌మెంట్ వెనక బాల్కనీకి కట్టాను. రోడ్డు అటుంటే ఇటెందుకంటారా? నేను ఊపిరాడక పొద్దున్నే లేచేది ఈ వెనకర్రలోనే.

మూడు రోజులకు విప్పి, వేళ్ళ మధ్య పెట్టి రాశాను. జిడ్డు లేదు, సాగలేదు. పొడి పొడిగా రాలింది. బూడిద. పొయ్యిది. ఈ కాలంలో పొయ్యెక్కడిది? మర్నాడు పొద్దున్నే మెట్లు దిగి వెనక్కి పోయాను. ప్రహరీ మూలన ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు కలిపి వాచ్‌మన్ లింగయ్య మంట పెడుతున్నాడు. దానికి నాలుగడుగుల దూరంలో అతని ఒంటి గది. గడపలో అతని పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతోంది. ఆ దగ్గు నాకు తెలుసు. నూనె పడని రాట్నం.

"గిదేంది లింగయ్యా? ఎవడు పెట్టమన్నడు గీ మంట?" అని అరిచాను.

అతను కట్టె కింద పెట్టి, బిక్కమొహం వేసి నిలబడ్డాడు. "మీరే జెప్తిరి గద సార్, పోయిన యాడాది. మున్సిపాలిటీ బండి రోజు ఒస్తలేదు, ఆకులు కుప్పలుంటే మంచిగ లేదు, పొద్దుగాల కాలబెట్టమని."

చెప్పాను. అసోసియేషన్ మీటింగులో గొంతు పెంచి మరీ చెప్పాను. ఆ గది అక్కడుందని నాకు తెలుసు, చూడలేదు అంతే. బకెట్ నీళ్ళు నేనే తెచ్చి మంట మీద పోశాను. ఆకులకు గుంట తవ్విద్దామని లింగయ్యతో అన్నాను. డబ్బులు ఎవరివని అతను అడగకముందే నావని చెప్పాను. అతని పెళ్ళాన్ని డాక్టరమ్మ దగ్గరికి ఎల్లుండి నాతో పాటు తీసుకుపోతాను.

ఇంట్లోకి వచ్చి ట్రంకు పెట్టె మళ్ళీ తెరిచాను. విడిగా మడిచిన ముక్కను ఈసారి విప్పాను. ఇన్నేళ్ళయినా నలుపు నలుపుగానే ఉంది. బాల్కనీ ముక్కను దాని పక్కన పెట్టి, రెండింటినీ కలిపి అదే ఎర్ర దారంతో కట్టాను. తర్వాత తెల్ల ముక్క ఒకటి తీసుకొని కిందికి దిగి, లింగయ్య గది కిటికీ చువ్వకు కట్టాను. అతని పెళ్ళాం వింతగా చూసింది. "ఏంది తాతా గిది, మొక్కు ముడుపా?" అంది.

"ముడుపు గాదు బిడ్డా, గవాయి, సాక్ష్యం" అన్నాను. "గిది నల్లబడితే ఎవ్వర్నీ అడగకు. నేరుగ పైకొచ్చి నా తలుపు కొట్టు."